80 సీట్ల సభలో రెండు సీట్ల నాయకుడు: అమిచంద్ రాజ్‌బన్సీ జీవితాన్ని తెలుగులో కూర్చిన నా అనుభవం

దక్షిణాఫ్రికా నాయకుల గురించి తెలుగులో రాసేవాళ్లు సాధారణంగా మండేలా, గాంధీ దగ్గరే ఆగిపోతారు. ప్రావిన్స్ స్థాయి నాయకుల మీద మనకు దాదాపు ఏమీ లేదు. మన వాళ్లు ఎక్కువగా ఉన్న క్వాజులు-నాటాల్‌లో రోజువారీ బతుకును నిర్ణయించింది మాత్రం ఆ స్థాయి రాజకీయమే. అందుకే ఈ వ్యాసానికి అమిచంద్ రాజ్‌బన్సీని ఎంచుకున్నాను. 1942 జనవరి 14న పుట్టారు, 2011 డిసెంబర్ 29న కన్నుమూశారు. అభిమానులూ విమర్శకులూ కూడా 'బెంగాల్ టైగర్' అనే పిలిచేవారు. ఆయన స్థాపించిన పార్టీ పేరు మైనారిటీ ఫ్రంట్.

తెలుగు పాఠకుడికి ఈ కథతో సంబంధం ఎక్కడో ముందు చెప్పాలి. 1860 నవంబర్ 16న 'ట్రూరో' ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లు 1,52,184 మంది. మద్రాసులో ఓడ ఎక్కినవాళ్లలో తమిళులతో పాటు ఉత్తర కోస్తా తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల వారసులే 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1996 రాజ్యాంగం 6వ సెక్షన్‌లో గౌరవం, ప్రోత్సాహం ఇవ్వాల్సిన భాషల జాబితాలో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు తెలుగు కూడా ఉంది. ఏ జాతివాళ్లు ఎక్కడ ఉండాలో నిర్ణయించిన గ్రూప్ ఏరియాస్ చట్టం కింద ఇళ్లు ఖాళీ చేయించి, 1960ల్లో భారతీయ కుటుంబాలను తరలించిన డర్బన్ శివారు చాట్స్‌వర్త్‌లోనే ఈ తెలుగు కుటుంబాలు కూడా చాలా వరకు స్థిరపడ్డాయి. రాజ్‌బన్సీ రాజకీయానికి పునాది ఆ ఊరే.

రాయడానికి కూర్చోకముందు నేను చేసేది ఒక్కటే పని: నాలుగు గడుల పట్టిక. తేదీ, పదవి, ఆ పదవి వచ్చిన దారి, దానికి ఆధారమైన పత్రం. వీటిలో మూడో గడిని చాలామంది వదిలేస్తారు. ఈయన విషయంలో అది లేకుంటే వ్యాసమే తప్పుతుంది. ఎందుకంటే ఈయన మూడు వేర్వేరు వ్యవస్థల్లో పదవులు చేశారు. మొదటిది ప్రధానంగా సలహా ఇచ్చే మండలి. రెండోది జాతుల వారీగా విడగొట్టిన పార్లమెంటు, అందులో నియోజకవర్గం నుంచి గెలవాలి. మూడోది 1994 తర్వాత వచ్చిన దామాషా పద్ధతి, అంటే ఓట్ల నిష్పత్తిలో పార్టీలకు సీట్లు, అందులో నియోజకవర్గమే ఉండదు. 'ఎన్నికయ్యారు' అన్న మాటకు ఈ మూడు చోట్లా ఒకే అర్థం లేదు. ఎవరి ఓట్లతో, ఎన్ని ఓట్లతో, ఏ సభకు అన్నది ప్రతి వరుసలోనూ విడిగా రాయాలి.

మొదటి దశ దక్షిణాఫ్రికా ఇండియన్ కౌన్సిల్. 1981 నవంబర్ 4న దానికి ఎన్నికలు జరిగాయి. నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ బహిష్కరణకు పిలుపునిచ్చింది. 1894లో గాంధీ స్థాపించిన సంస్థ అది. పోలింగ్ సుమారు 10 శాతం. ఆ కౌన్సిల్‌కు అధ్యక్షుడైన రాజ్‌బన్సీ అదే కాలంలో నేషనల్ పీపుల్స్ పార్టీ పెట్టారు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. కౌన్సిల్ అధ్యక్ష పదవినీ, 1984 తర్వాత భారతీయుల సభకు వచ్చిన మంత్రిమండలి అధ్యక్ష పదవినీ కలిపేసి ఒకే పదవిగా రాస్తారు. అవి రెండూ వేరు. మొదటిది సలహా మండలిది, రెండోది పార్లమెంటు సభది.

ఎక్కువ సమయం పట్టేది రెండో దశకే. 1983 నవంబర్ 2న తెల్లవాళ్లకు మాత్రమే జరిగిన జనవాక్య సేకరణ (రెఫరెండం)లో మూడింట రెండు వంతుల మంది సరేనన్నాక మూడు సభల పార్లమెంటు వచ్చింది. తెల్లవాళ్ల సభకు 178 సీట్లు, 'కలర్డ్' అని వర్గీకరించిన మిశ్రమ జాతుల సభకు 85, భారతీయుల సభ హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌కు 45. దేశంలో అత్యధిక సంఖ్యాకులైన నల్లవాళ్లకు ఏ సభా లేదు. ఈ ఒక్క వాక్యం లేకుండా ఆ కాలం గురించి రాయకూడదు. రాష్ట్రపతిని ఎన్నుకునే మండలిలో 88 మంది: తెల్లవాళ్లు 50, కలర్డ్ 25, భారతీయులు 13. మిగతా రెండు వర్గాలూ ఒక్కటైనా 38 దాటరు. అంటే రాష్ట్రపతి ఎవరన్నది తెల్లవాళ్ల సభలోనే తేలిపోతుంది. సభల మధ్య బిల్లు మీద పేచీ వస్తే అది ప్రెసిడెంట్స్ కౌన్సిల్‌కు వెళ్తుంది. దాని 60 మందిలో తెల్లవాళ్ల సభ పంపేది 20, కలర్డ్ సభ 10, భారతీయుల సభ 5, మిగతా 25 మందిని రాష్ట్రపతే నియమిస్తాడు. ఈ అంకెలు పక్కపక్కన పెడితే 'అధికారంలో వాటా' అన్న మాటకు ఎంత విలువుందో పాఠకుడికే అర్థమవుతుంది. మనం విశేషణాలు జోడించనక్కర్లేదు.

భారతీయుల సభకు 1984 ఆగస్టు 28న పోలింగ్. నేరుగా ఎన్నికయ్యే సీట్లు 40. నేషనల్ పీపుల్స్ పార్టీకి 18, సాలిడారిటీకి 17, ప్రోగ్రెసివ్ ఇండిపెండెంట్ పార్టీకి 1, స్వతంత్రులకు 4. చాట్స్‌వర్త్‌లోని అరీనా పార్క్ నుంచి రాజ్‌బన్సీ గెలిచారు. మిగిలిన ఐదు సీట్లలో రెండు రాష్ట్రపతి నియామకాలు, మూడు సభ్యులు ఎన్నుకునేవి. 45లో మెజారిటీకి 23 కావాలి. 18 మందితో మొదలుపెట్టి, స్వతంత్రుల మద్దతు కూడగట్టి ఆయన మంత్రిమండలి అధ్యక్షుడయ్యారు. రాష్ట్రపతి పి.డబ్ల్యూ. బోతా క్యాబినెట్‌లో శాఖ లేని మంత్రిగానూ కూర్చున్నారు. ఆయన రాజకీయ నైపుణ్యం ఏమిటని ఎవరైనా అడిగితే ప్రసంగాలు చూపించను, ఈ 18కీ 23కీ మధ్య దూరాన్ని చూపిస్తాను. తర్వాతి పాతికేళ్లూ ఆయన చేసింది అదే పని: తక్కువ సీట్లతో ఎక్కువ బేరం.

పోలింగ్ శాతం దగ్గర జాగ్రత్త. 1984లో సుమారు 20 శాతం అని రాసేది నమోదైన ఓటర్ల మీద లెక్క. నమోదు కాకుండా ఉండటం కూడా బహిష్కరణలో భాగమే కాబట్టి, అర్హులందరి మీద లెక్కేస్తే శాతం ఇంకా తగ్గుతుంది. ఏ లెక్కో చెప్పకుండా శాతం ఇస్తే పాఠకుడు మోసపోతాడు. 1981, 1984 రెండింటినీ పోల్చేటప్పుడు ఈ తేడా మరీ ముఖ్యం.

ఆ సభ చేతిలో ఉన్నది 'సొంత వ్యవహారాలు': భారతీయుల బడులు, ఇళ్లు, సంక్షేమం, స్థానిక పాలన. విమర్శకులు ఆయన్ని వర్ణవివక్ష ప్రభుత్వానికి తోడుపోయినవాడన్నారు. ఆ మాట న్యాయమైనదే, రాసి తీరాలి. అదే సమయంలో పింఛను, ఇల్లు, బడి ఆ సభ కింది కార్యాలయాల చేతిలోనే ఉన్నాయి కాబట్టి, చాట్స్‌వర్త్ పేద కుటుంబాలకు పనులు జరగాల్సింది అక్కడే. ఈ రెండూ ఒకే పేరాలో పక్కపక్కన ఉండాలన్నది నా నిర్ణయం. ఒకదాన్ని పైన, ఇంకోదాన్ని పది పేరాల కింద పెడితే చదివేవాడికి ఒకటే గుర్తుంటుంది.

ఈ దశకు ప్రధాన ఆధారం సభా చర్చల రికార్డు, హన్సార్డ్. అక్కడ పేరుతో వెతికితే సగం ప్రసంగాలు తప్పిపోతాయి. పదవిలో ఉన్నవాళ్ల మాటలు పదవి పేరు కిందే అచ్చవుతాయి. కాబట్టి పదవిలో ఉన్న కాలానికి 'మంత్రిమండలి అధ్యక్షుడు' అన్న హోదాతో వెతకాలి, దిగిపోయాక ఇంటిపేరుతో వెతకాలి. 1994 తర్వాత ఇంకో చిక్కు వస్తుంది. ఆయన భార్య షమీన్ ఠాకూర్-రాజ్‌బన్సీ కూడా ప్రావిన్స్ సభలో సభ్యురాలిగా పనిచేశారు. పత్రికల్లో ఒట్టి 'రాజ్‌బన్సీ' అని కనిపిస్తే ఎవరి మాటో తేదీ, గౌరవవాచకం చూసి తేల్చుకోవాలి.

సభ పాలన మీద వచ్చిన ఆరోపణలను విచారించడానికి జస్టిస్ నెవిల్ జేమ్స్ కమిషన్ ఏర్పడింది. ఆ వ్యవహారంలోనే రాజ్‌బన్సీ పదవి పోయింది. నిజాయితీ అవసరమైన ఏ ఉద్యోగంలోనూ, ముఖ్యంగా ప్రభుత్వ పదవిలో ఆయన్ను నియమించకూడదని కమిషన్ సిఫారసు చేసింది. ఇలాంటి చోట వాక్యాన్ని కొలిచి రాయాలి. 'కమిషన్ తేల్చింది', 'కమిషన్ సిఫారసు చేసింది', 'కోర్టు శిక్ష వేసింది': ఈ మూడూ వేర్వేరు. విచారణ కమిషన్ నివేదికను కోర్టు తీర్పులా రాయడం ఇలాంటి జీవిత చిత్రాల్లో నేను చూసే అతి పెద్ద తప్పు. 1989 సెప్టెంబర్ 6 ఎన్నికల్లో సాలిడారిటీ ముందుకొచ్చింది, దాని నాయకుడు డాక్టర్ జె.ఎన్. రెడ్డి మంత్రిమండలి అధ్యక్షుడయ్యారు. రెడ్డి, నాయుడు అన్న ఇంటిపేర్లు డర్బన్ అభ్యర్థుల జాబితాల్లో చాలా కనిపిస్తాయి. వాటిని చూసి ఫలానావాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారని రాయవద్దు. నాలుగైదు తరాలు గడిచాయి, వాళ్లలో ఎక్కువ మంది ఇంటి భాష ఇంగ్లీషు.

జేమ్స్ నివేదికతో చాలామంది ఆయన కథ ముగిసిందనుకున్నారు. ముగియలేదు. 1991 డిసెంబర్ 20న కెంప్టన్ పార్క్‌లో మొదలైన కొడెసా చర్చల్లో (వర్ణవివక్ష ముగించి కొత్త రాజ్యాంగం తేవడానికి జరిగినవి) కూర్చున్న 19 బృందాల్లో నేషనల్ పీపుల్స్ పార్టీ ఒకటి. ఆ తర్వాత వచ్చిందే మైనారిటీ ఫ్రంట్.

1994 నుంచి పని మారుతుంది. 2024కు ముందు వరకు ఓటరు చేతిలో రెండు బ్యాలెట్లు, ఒకటి జాతీయ సభకు, ఒకటి ప్రావిన్స్ సభకు. ఫలితాల పట్టికలు తీసేటప్పుడు ఏ బ్యాలెట్టో చూసుకోకపోతే మొత్తం తారుమారు. మైనారిటీ ఫ్రంట్‌కు జాతీయ బ్యాలెట్ మీద దేశమంతా కలిపి 13,433 ఓట్లు వస్తే, క్వాజులు-నాటాల్ ప్రావిన్స్ బ్యాలెట్ మీద ఒక్కచోటే 48,951 వచ్చాయి. అంటే ప్రావిన్స్‌కు ఈయన్ను కోరుకున్నవాళ్లలో చాలామంది దేశానికి వేరే పార్టీని కోరుకున్నారు. ఈయన ప్రాంతీయ నాయకుడనడానికి ఇంతకన్నా గట్టి రుజువు నాకు దొరకలేదు.

ఓట్లు సీట్లుగా ఎలా మారతాయో రాయకుండా ఈ దశ అర్థం కాదు. పోలైన చెల్లుబాటు ఓట్లను 'సీట్లకు ఒకటి కలిపిన సంఖ్య'తో భాగించాలి, వచ్చినదానికి ఒకటి కలిపి భిన్నాన్ని వదిలేయాలి. అదే కోటా. ఎన్ని పూర్తి కోటాలు వస్తే అన్ని సీట్లు. మిగిలిన సీట్లు, మిగులు ఓట్లు ఎక్కువ ఉన్న పార్టీలకు వరుసగా వెళ్తాయి. 1994లో సభకు 81 సీట్లు, ఓట్లు సుమారు 36.64 లక్షలు. 82తో భాగిస్తే కోటా దాదాపు 44,700. మైనారిటీ ఫ్రంట్‌కు ఒక సీటు పూర్తి కోటాతోనే వచ్చింది, పైన మిగిలినవి నాలుగు వేల పైచిలుకు. 1999లో సీట్లు 80, కోటా సుమారు 36,600. వాళ్ల ఓట్లు 86,770, రెండు పూర్తి సీట్లు.

80 సీట్ల సభలో కోటా అంటే ఓట్లలో 1.2346 శాతం. ఈ ఒక్క సంఖ్య గుర్తుంటే శాతాల పట్టిక నుంచే సీట్లు సరిచూసుకోవచ్చు. 2009 లెక్క చూడండి. మండేలా పార్టీ ఏఎన్‌సీ (ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్)కి 62.95 శాతం, ఐఎఫ్‌పీ (ఇంకాతా ఫ్రీడమ్ పార్టీ)కి 22.40, డీఏ (డెమోక్రటిక్ అలయన్స్)కు 9.15, మైనారిటీ ఫ్రంట్‌కు 2.05, కోప్ (కాంగ్రెస్ ఆఫ్ ద పీపుల్)కు 1.29, ఏసీడీపీ (ఆఫ్రికన్ క్రిస్టియన్ డెమోక్రటిక్ పార్టీ)కి 0.68. కోటాతో భాగిస్తే పూర్తి సీట్లు వరుసగా 50, 18, 7, 1, 1, 0. కలిపితే 77. మిగిలిన మూడు సీట్లు మిగులు ఎక్కువ ఉన్నవాళ్లకు: ఏఎన్‌సీ 0.99, మైనారిటీ ఫ్రంట్ 0.66, ఏసీడీపీ 0.55. డీఏకు మిగిలింది 0.41, అందలేదు. కాబట్టి రాజ్‌బన్సీ పార్టీ రెండో సీటు ఆ ఏడాది మిగులు మీద వచ్చింది. 'మైనారిటీ ఫ్రంట్ తన రెండు సీట్లు నిలబెట్టుకుంది' అని మాత్రమే రాస్తే నిజమే, కానీ కింద నేల కదులుతోందన్న సంగతి దాగిపోతుంది. 1999లో 2.93 శాతం, 2004లో 2.61, 2009లో 2.05: సీట్లు రెండే, ఓటు జారుతూనే ఉంది.

ఇక ఆయన ఏఎన్‌సీతో ఎందుకు కలిశారు? వర్ణవివక్ష పార్లమెంటులో కూర్చున్న మనిషి, ఆ వ్యవస్థతో పోరాడిన పార్టీకి మిత్రుడయ్యాడు. దీన్ని మనస్తత్వంతో వివరించబోతే ఊహలు రాయాల్సి వస్తుంది. సభ సంఖ్యలతో అయితే తేలిగ్గా తెలుస్తుంది. 1999లో ఐఎఫ్‌పీ 34, ఏఎన్‌సీ 32, డీపీ (డెమోక్రటిక్ పార్టీ) 7, ఎన్‌ఎన్‌పీ (న్యూ నేషనల్ పార్టీ) 3, మైనారిటీ ఫ్రంట్ 2, యూడీఎం (యునైటెడ్ డెమోక్రటిక్ మూవ్‌మెంట్) 1, ఏసీడీపీ 1. ఏఎన్‌సీకి ఆ రెండూ కలిస్తే 34, ఐఎఫ్‌పీతో సమానం. 2004లో ఏఎన్‌సీ 38, ఐఎఫ్‌పీ 30, డీఏ 7, మైనారిటీ ఫ్రంట్ 2, ఏసీడీపీ 2, యూడీఎం 1. ఏఎన్‌సీకి ఆ రెండూ కలిస్తే 40, సరిగ్గా సగం. ఆ ఎన్నికల తర్వాత సిబుసిసో ందెబెలే ప్రీమియర్‌గా ఉన్న ప్రభుత్వంలో రాజ్‌బన్సీ క్రీడలు, వినోద శాఖ చూశారు. 2009లో ఏఎన్‌సీకి సొంతంగా 51 వచ్చాయి. రెండు సీట్ల విలువ అక్కడితో పోయింది.

ప్రీమియర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి, కానీ ఎన్నుకునే తీరు వేరు. ఎన్నికల తర్వాత తొలి సమావేశంలో, ప్రధాన న్యాయమూర్తి సూచించిన జడ్జి అధ్యక్షతన సభ్యులే ఓటేసి ఎన్నుకుంటారు. ప్రీమియర్ తన కార్యవర్గంలోకి సభ్యుల నుంచే ఐదుగురికి తగ్గకుండా, పదిమందికి మించకుండా తీసుకోవాలి. వీళ్లను 'ఎంఈసీ'లంటారు, మన రాష్ట్ర మంత్రుల్లాంటివాళ్లు. పదిమందికే చోటున్న కార్యవర్గంలో రెండు సీట్ల పార్టీకి ఒక స్థానం దక్కడం ఎంత పెద్ద బేరమో ఈ పరిమితి చెప్తే తప్ప తెలియదు. తేదీలు రాసేటప్పుడు ఎన్నిక ఫలితం, సభ్యుడిగా ప్రమాణం, ఎంఈసీగా నియామకం మూడూ వేర్వేరు రోజులని మరవద్దు. నేను నియామకానికి ప్రావిన్స్ గెజిట్‌నే చూస్తాను. పత్రికలో వార్త ముందే వస్తుంది, లేదా వారం ఆలస్యంగా వస్తుంది.

2004కు ముందు రికార్డుల్లో సభ ఒకచోట ఉలుండీలో, మరోచోట పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో కనిపిస్తే కంగారుపడొద్దు. రాజధాని ఎక్కడన్న వివాదం అప్పటిదాకా నడిచింది, చివరికి పీటర్‌మారిట్జ్‌బర్గ్ నిలిచింది. అలాగే ఎన్నికల మధ్య సంవత్సరాల్లో సీట్ల సంఖ్య ఫలితాలతో సరిపోకపోతే, సీటు పోకుండా పార్టీ మారడానికి చట్టం ఇచ్చిన గడువులు, 'కిటికీ కాలాలు' చూడండి. ప్రావిన్స్ సభలకు అవి 2003, 2005, 2007లో తెరుచుకున్నాయి. పార్టీ సభ్యుల్లో కనీసం 10 శాతం కలిసి వెళ్తేనే సీటు నిలుస్తుందని నియమం. ముప్పై మంది ఉన్న పార్టీలో ముగ్గురు కదలాలి. ఇద్దరే ఉన్న పార్టీలో ఒక్కడు కదిలినా 50 శాతం! చిన్న పార్టీల మీద ఈ చట్టం ఎంత అన్యాయంగా పనిచేసిందో నాకు ఈ లెక్కతోనే బోధపడింది. 2009లో దాన్ని రద్దు చేశారు.

పాత పత్రికల కోసం డర్బన్‌లో క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయం వెస్ట్‌విల్ క్యాంపస్‌లోని గాంధీ-లుతూలీ డాక్యుమెంటేషన్ సెంటర్ మంచి చోటు. భారతీయ సమాజం పత్రికలు, మౌఖిక చరిత్రలు అక్కడున్నాయి. ఒక పత్రిక చాలదు. భారతీయ పాఠకుల వారపత్రిక ఒకటి, డర్బన్ దినపత్రిక ఒకటి, బహిష్కరణ ఉద్యమం వైపు ప్రచురణ ఒకటి, కనీసం ఈ మూడూ ఒకే సంఘటనకు చదవాలి. 1984 పోలింగ్ రోజు వార్తలు మూడింటిలో మూడు రకాలుగా ఉంటాయి. మూడూ ఒప్పుకున్నదే వ్యాసం ప్రధాన పాఠంలోకి తీసుకుంటాను. తేడా ఉన్నది 'ఫలానావాళ్ల ప్రకారం' అన్న మాటతో వెళ్తుంది.

చివరి వరుస మరణం, దాని తర్వాత జరిగినది. మన దగ్గర ఎమ్మెల్యే చనిపోతే ఉప ఎన్నిక వస్తుంది. అక్కడ ప్రావిన్స్ సభకు ఉప ఎన్నికే లేదు. ఖాళీ సీటును పార్టీ తన జాబితాలోంచి నింపుకుంటుంది. అందుకే 'ఆయన సీటు నుంచి ఫలానావారు గెలిచారు' అని రాస్తే అది తప్పు వాక్యం. నాయకత్వం షమీన్ చేతికి వచ్చింది, పార్టీలో దాని మీద వివాదమూ నడిచింది. 2014లో ప్రావిన్స్ ఓటు 1.02 శాతం, అంటే పూర్తి కోటా కూడా లేదు. మిగులు మీద ఒక సీటు వచ్చింది. 2019లోనూ ఒకటే. 2024లో ఎంకే (ఉంఖొంతో వె సిజ్వే పార్టీ) 37, ఐఎఫ్‌పీ 15, ఏఎన్‌సీ 14, డీఏ 11, ఈఎఫ్‌ఎఫ్ (ఎకనామిక్ ఫ్రీడమ్ ఫైటర్స్) 2, ఎన్‌ఎఫ్‌పీ (నేషనల్ ఫ్రీడమ్ పార్టీ) 1. కలిపితే 80. మైనారిటీ ఫ్రంట్ ఆ వరుసలో లేదు.